బాలమల్లు వెనక్కి తీసుకున్న మాట

హుస్నాబాద్ బస్టాండు వెనక సందులో బాలమల్లు బ్యాటరీ దుకాణానికి బోర్డు లేదు. ఇరవై ఏడేళ్లుగా లేదు. పెట్టించుకోవయ్యా అని ఎవరైనా అంటే, "బోర్డు జూసి వచ్చెటోడు నాకద్దు, నా పేరు జెప్పుకుంట వచ్చెటోడు చాలు" అనేవాడు. ఆ పొగరు అతనికి చెల్లింది కూడా. ట్రాక్టరు మొరాయించినా, ఆటో లైటు వెలగకపోయినా, వరికోత మిషన్ పొలం నడుమ ఆగిపోయినా అందరూ ఆ సందులోకే వచ్చేవారు. అతను చూసి "ఇది అయిపోయింది" అంటే అయిపోయినట్టే. "ఇంకో ఏడాది గుంజుతది" అంటే గుంజినట్టే. ఆ మాట మీద ఇంకొకరి దగ్గరికి పోయి అడిగిన వాళ్లు ఊళ్లో తక్కువ.

మాటకు అంత విలువ ఊరికే రాలేదు. పద్మశాలీల ఇంట పుట్టి, పదిహేనేళ్లు నిండకముందే సిరిసిల్ల పోయి సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఎనిమిది సాంచెల నడుమ పన్నెండు గంటలు నిలబడి, వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును వేలికొసతో దొరకబుచ్చుకోవడం ఆ పని. పదకొండేళ్లు చేశాడు. సాంచెల మోటార్లు బాగుచేసే మనిషి వెంట తిరిగి వైరింగు నేర్చుకుని, ఆ చప్పుడుకు దండం పెట్టి, భార్య కమలవ్వతో హుస్నాబాద్ వచ్చేశాడు. వైరు కూడా పోగు వంటిదే, తొందర పడితే చిక్కు పడుతుందని అతనే పదిమందికి చెప్పేవాడు. చెప్పినవాడే ఒకరోజు తొందరపడ్డాడు. ఆ తొందరకు ఇంకో మనిషి బతుకు చిక్కుల్లో పడింది.

ఊరి బయట సంతోష్‌రావుకు పెళ్లిళ్ల గార్డెన్ ఒకటి ఉంది. రెండెకరాల పచ్చిక, దాని చుట్టూ అశోక చెట్లు, ఒక మూల స్టేజీ. ఆ పచ్చిక కోయడానికి ఆయన హైదరాబాద్ నుంచి పాత గడ్డిబండి ఒకటి కొనుక్కొచ్చాడు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది, పైన కూర్చుని నడపాలి, కింద బ్లేడ్లు తిరుగుతాయి. ఆరేళ్లుగా దాన్ని నడిపింది రాములు. జనరేటర్ షెడ్డు వెనక గదిలోనే కాపలాకు పడుకునేవాడు, వారానికి రెండు రోజులు ఇంటికి పోయేవాడు. పచ్చిక మీద ఎవరైనా సిగరెట్ పీక వేస్తే సొంత మంచం మీద వేసినంత బాధపడే మనిషి. పెళ్లికొడుకు మేనమామనైనా సరే, "జర తీయుండ్రి సారూ" అని ఏరించేదాకా వదిలేవాడు కాదు.

దసరా పోయిన ఇరవై రోజులకు ఆ బండికి రోగం పట్టుకుంది. ఒకరోజు నడిపి షెడ్డులో పెడితే రెండో రోజు పొద్దున తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. పాత బ్యాటరీ కదా, అయిపోయిందేమో అనుకుని బాలమల్లు దుకాణం నుంచే కొత్తది తెచ్చి వేశారు. నాలుగు రోజులకు అదీ చచ్చిపోయింది. అప్పుడు సంతోష్‌రావు బాలమల్లును పిలిపించాడు. కార్తీకమాసం, మర్నాడు పెద్ద పెళ్లి. వంటవాళ్లు పొయ్యిలు పాతుతున్నారు, టెంటు వాళ్లు గుంజలు నాటుతున్నారు, ఊడ్చే ఆడవాళ్లు ఊడుస్తున్నారు. అందరి ముందరే రావు గొంతు పెంచాడు.

"ఏమయ్య బాలమల్లూ, డూప్లికేట్ బ్యాటరీ అంటగట్టినవా? నాలుగొద్దులు గూడ నిలవకపాయె!"

ఇరవై ఏడేళ్లలో ఆ మాట అన్నవాడు లేడు. బాలమల్లుకు చెవుల వెంట పొగలు వచ్చాయి. బ్యాటరీ విప్పి దుకాణానికి తీసుకుపోయి చార్జింగు పెట్టి, లోడు పెట్టి చూశాడు. గుండ్రాయిలా ఉంది. తెచ్చి బిగించి, ఇంజను నడిపి చూస్తే చార్జింగు కూడా సరిగానే ఎక్కుతోంది. ఇక మిగిలింది ఒక్కటే పరీక్ష. బండి ఆపి, తాళం తీసి, ఎక్కడైనా కరెంటు దొంగచాటుగా కారిపోతోందేమో చూడాలి. పావుగంట పని. ఆ పావుగంటే అతను పెట్టలేదు. ఎందుకంటే షెడ్డులోకి పోతూ వస్తూ రాములు గది వంక చూశాడు. గోడకు చిన్న బ్యాటరీ బల్బు వేలాడుతోంది, దాని రెండు వైర్ల చివర్లకు క్లిప్పులున్నాయి. చూడగానే తనకు తాను లెక్క తేల్చుకున్నాడు.

"నా బ్యాటరీల దోషం లేదు సార్. బండిల గూడ ఏం లేదు," అన్నాడు, అందరికీ వినపడేలా. "రాత్రిపూట ఎవరో దీన్ని వాడుకుంటున్నరు."

పేరు పెట్టలేదు. పేరు పెట్టే అవసరం ఏముంది? రాత్రిపూట అక్కడ ఉండేది ఒక్కడే. రావు సరాసరి పోయి ఆ గదిలోంచి బల్బును, వైర్లను తెంపుకొచ్చి పచ్చిక మీద పడేశాడు. రాములు అడ్డం వచ్చాడు. "అది మా బామ్మర్ది ఆటోల పాత బ్యాటరీకి పెట్టుకున్న సార్. కరెంటు పోతే వెల్గుకు. బ్యాటరీ మంచం కిందనే ఉన్నది, సూడుండ్రి," అన్నాడు. ఎవరు చూస్తారు? రావు అప్పటికే దొంగ అనే మాట మూడుసార్లు అనేశాడు.

అప్పుడు రాములు బాలమల్లు వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్న జెప్పు. నీకు ఎర్కే గదా."

బాలమల్లు వంగి పానాలు సంచిలో సర్దుకున్నాడు. ఆ గంటలోనే రాములు తన దుప్పటి, సత్తు గిన్నె పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఊరు చిన్నది, మాట పెద్దది. రాములు ఇంకో ఫంక్షన్ హాలుకు కాపలా పనికి పోతే, "బ్యాటరీల రాములువి నువ్వే గదా" అని గేటు దగ్గరి నుంచే పంపించేశారు. ఈ సంగతి బాలమల్లు చెవిన పడింది. పడితే పడింది, చేసుకున్నోడికి చేసుకున్నంత అనుకుని ఊరుకున్నాడు.

ఒక ఉదయం గార్డెన్‌లో కొత్తగా చేరిన డ్రైవరు రంజిత్ దుకాణం ముందు బైకు ఆపాడు. "రోజు నడిపిన్నాళ్లు గడ్డిబండి మంచిగనే ఉండె. పని లేక నాలుగొద్దులు షెడ్డుల వెడితే మళ్ల స్టార్ట్ అయితలేదే, సారు రమ్మంటున్నడు."

"రాములు అటు వస్తుండా?" అని అడిగాడు బాలమల్లు.

"రాములా? గేటు కాడికి గూడ రాలే. షెడ్డుకు రెండు తాళాలు ఏసిండు సారు. తాళంచెవులు ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర."

బాలమల్లు చేతిలో ఉన్న నీళ్ల డబ్బా అలాగే ఉండిపోయింది. రంజిత్ వెళ్లిపోయాక స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇంకా బండిని చూడనే లేదు, మీటరు పెట్టనే లేదు, కానీ తప్పు జరిగిందని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని, మెతుకు నోట పెట్టకుండా భార్యకు అంతా చెప్పాడు. కమలవ్వ నోటికి జడిసి ఆ వాడకట్టులో కుక్కలు కూడా దూరం నుంచి పోతాయి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! బల్బు కనవడంగనే దొంగ దొరికెనా? మనింట్ల లేవా బల్బులు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రాములు పెండ్లాం వనజ నాతోని బీడీల కార్ఖానకు వస్తది. గీ మూడు వారాల సంది ఎవ్వలతోని మాట్లాడుతలేదు. కట్ట అప్పజెప్పుడు, తల దించుకొని పోవుడు. నేను నీ పెండ్లాన్నని ఎర్కై, నేను కూసున్న దిక్కు గూడ సూస్తలేదు."

బాలమల్లు చెయ్యి కడుక్కుని లేచాడు. కమలవ్వ ఆపలేదు.

షెడ్డులో ఈసారి తొందరపడలేదు. చార్జి ఎక్కించిన బ్యాటరీ బిగించాడు. బండి తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ నడుమ ఒక బల్బు కలిపాడు. పాతకాలం పద్ధతి. బండిలో ఎక్కడా కరెంటు పారకపోతే బల్బు చీకటిగా ఉండాలి. బల్బు వెలిగింది. మసకగా, కానీ వెలిగింది. తాళంచెవి జేబులో ఉంది, షెడ్డులో వేరే ఎవరూ లేరు, బండి ఎవరూ ముట్టకుండానే కరెంటు తాగుతోంది.

బాలమల్లు ఆ బల్బును చూస్తూ అక్కడే గొంతుకూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి భయం వేసింది. యాభై దాటిన వయసులో, ఎవరికీ తలవంచని మనిషికి, పావుగంట పనికి బద్ధకించి ఒకణ్ని దొంగను చేశానన్న భయం.

లేచి ఒక్కొక్క వైరు విడదీయడం మొదలుపెట్టాడు. లైట్ల వైరు పీకాడు, బల్బు ఆరలేదు. బ్యాటరీకి చార్జింగు పంపే డబ్బా వైరు పీకాడు, ఆరలేదు. బ్లేడ్లు తిప్పే స్విచ్చు పీకాడు, ఆరలేదు. సీటు కింది స్విచ్చు వైరూ పీకాడు, లాభం లేదు. అప్పుడు ఇంజను పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. డిసెంబరు చలికి ఇనుమంతా మంచుగడ్డలా ఉంది. కార్బురేటర్ కింద ఒక్కచోట మాత్రం వేళ్లకు గోరువెచ్చగా తగిలింది. పెట్రోలును వదిలి ఆపే చిన్న కాయిల్ అది. తాళం తిప్పినప్పుడే దానికి కరెంటు అందాలి, తీయగానే ఆగిపోవాలి. ఆగలేదు కనుకనే వెచ్చగా ఉంది.

ఇక మిగిలింది తాళం పెట్టే స్విచ్చు. దాని వెనక వైరు లాగాడు. బల్బు ఆరిపోయింది.

స్విచ్చు విప్పి తెల్లగుడ్డ మీద పెట్టి తెరిచాడు. లోపల పచ్చగా, ఎర్రగా, గట్టిపడిన బంక. ఇత్తడి రేకులకు పచ్చటి చిలుము పట్టి, ఒక రేకు పక్క రేకుకు అంటుకుపోయి ఉంది. తాళం తీసినా ఆ రేకు వెనక్కి రావడం లేదు. బంకను గోటితో గీకి చూశాడు. పసుపు, కుంకుమ. వాసన చూస్తే పులిసిన కొబ్బరినీళ్లు.

సంతోష్‌రావును పిలిచి చూపించాడు. వెంట ఆయన తల్లి జానకీబాయి కర్ర పట్టుకుని వచ్చింది. ఆదిలాబాద్ ఆడబిడ్డ, ఎనభై ఏళ్లు, మాటకు ముందొక మరాఠీ ముక్క పడుతూ ఉంటుంది. గుడ్డ మీదికి వంగి చూసి చెయ్యి బుగ్గకు ఆనించుకుంది.

"అగ్గబాయీ! ఇది దసరా నాటిది గదరా! బండ్లకు పూజ జేసిన్నాడు తాళం పెట్టే కాడనే బండి పానముంటదని, అక్కడనే బొట్టు వెట్టి, కొబ్బరినీళ్లు పోసిన. నేనే పోసిన."

"అమ్మా, నువ్వు ఊకో," అన్నాడు రావు.

"ఎందుకు ఊకోవాలె? రాములు గుడ్డ వట్టుకొని తుడువ వచ్చిండు. నీళ్లు లోపటికి పోతున్నయమ్మా అన్నడు. దేవుని నీళ్లు తుడువద్దురా, పాపం అని నేనే కసురుకున్న. పాపం, వాడు దండం వెట్టి వెనుకకు జరిగిండు." ముసలమ్మ కళ్లు తడి అయ్యాయి. "నన్నెవలన్న ఒక్క మాట అడిగిండ్రా? వాణ్ని ఎందుకు ఎల్లగొట్టినవంటే, దొంగతనం జేసిండమ్మా అంటివి."

రావు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు, కోపిష్ఠి అంతే. "సరే, అయిందేదో అయింది. కొత్త స్విచ్చు వెయ్యి బాలమల్లూ. రాములును రేపట్నుంచి పనికి రమ్మను. ఆ పాత ముచ్చట ఎవ్వలు తియ్యకుండ్రి. గీడికే ఖతం."

ఆ మాటతో బాలమల్లు బయటపడిపోవచ్చు. అతని పేరుకు మచ్చ లేదు, రాములుకు పని దొరుకుతుంది, బండి నడుస్తుంది. ఒక్క క్షణం మనసు అటు లాగింది కూడా. మనిషన్నాక లాగదా?

"పని ఇచ్చుడు మీ చేతుల ఉన్నది సార్," అన్నాడు చివరికి. "దొంగతనం అన్న ముచ్చట నా నోట్లకెళ్లి వచ్చింది. అది మీతోని ఖతం కాదు."

"దొంగ అన్నది నేను గదయ్యా. నువ్వు పేరు గూడ తియ్యలే."

"మీరు నా మాట మీద అన్నరు సార్. నా మాట కాకుంటే మీరు ఆ గదిల అడుగు వెట్టకపోదురు."

స్విచ్చు మార్చి, బల్బు మళ్లీ పెట్టి, అది చీకటిగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే షెడ్డు బయటికి వచ్చాడు. గార్డెన్‌లో ఆ పూట ఉన్న వంటవాళ్లను, టెంటు వాళ్లను, ఊడ్చే ఆడవాళ్లను పిలిచి చిలుము పట్టిన స్విచ్చు చూపించి జరిగింది చెప్పాడు. కొందరు అయ్యో అన్నారు, ఒకడు నవ్వాడు. అక్కడి నుంచి తిన్నగా రాములు ఇంటికి నడిచాడు.

రాములు ఉండేది ఊరి చివర రేకుల ఇళ్ల గల్లీలో. వాకిట్లో మంచం నవారు బిగిస్తున్నాడు. బాలమల్లును చూసి చెయ్యి ఆపాడు కానీ లేవలేదు, కూర్చోమనలేదు. లోపల గడప దగ్గర వనజ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

బాలమల్లు నిలబడే చెప్పాడు. స్విచ్చు, కొబ్బరినీళ్లు, తాను ఆ రోజు చేయని పరీక్ష, ఏదీ దాచలేదు. "తప్పు నాది రాములూ. నువ్వు నా దిక్కు జూసి అడిగితే నేను తల వంచుకున్న. సారు రేపట్నుంచి పనికి రమ్మన్నడు."

రాములు నవారు ముడి బిగించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను తియ్యలేదని నాకు ఎర్కే అన్నా. నాకెందుకు జెప్తున్నవ్?"

లోపల వనజ చేతులు ఆగిపోయాయి. "నాకు జెప్పు," అంది. "నాకు జెప్పు బావా. బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టెయ్యమన్న ఈయన్ని. ఏసిండు. ఏసినంక గూడ... బాలమల్లు అన్నడంటే అబద్ధం ఎట్లయితదని నా మనసుల ఉండె. మూడు వారాలు ఒక్క కంచంల తిన్నం గని నేను ఈయన ముఖం సూడలే."

చాట పక్కకు నెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాములు ఆమె వైపు చూడలేదు, నవారు వైపే చూస్తున్నాడు. ఆమె అనుమానపడిందని అతనికి తెలుసని, తెలిసీ రోజూ ఆమె పెట్టిన అన్నం తిన్నాడని బాలమల్లుకు అప్పుడు అర్థమైంది. తన నోటి మాట ఎంత దూరం వచ్చి ఎక్కడ కూర్చుందో అర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"గల్లీల ఇనవడేటట్టు జెప్పు అన్నా," అన్నాడు రాములు. "పొద్దుగాల నల్లా కాడికి పోతే పక్కకు జరుగుతున్నరు."

బాలమల్లు గల్లీ నడుమకు వచ్చాడు. పొద్దు వాలుతోంది, ఆడవాళ్లు వాకిళ్లలో ఉన్నారు. రెండు చేతులు జోడించి, "రాములు దొంగ గాదు. నేనే తప్పు జెప్పిన," అన్నాడు. ఆ మాట పక్కింటికి కూడా సరిగా వినపడలేదు. అందుకని మొదటి ఇంటి ముందు నిలబడి మళ్లీ చెప్పాడు. తర్వాత రెండో ఇల్లు. కొందరు తల ఊపారు. ఒకావిడ, "గిప్పుడు జెప్తే ఏమొస్తదయ్యా, వాళ్ల పోరి బడి మానె" అని కడిగేసింది. మాట పడ్డాడు. ఆ మాట అనిపించుకోవడానికే వచ్చినట్టు నిలబడి, దండం పెట్టి ఇంకో ఇంటికి పోయాడు. రాములు, వనజ గడపలో నిలబడి చూస్తున్నారు.

చివరి ఇల్లు రామవ్వది. నీరెండలో గోడకు ఆనుకుని చింతపండు పిక్క తీస్తోంది ముసలమ్మ. బాలమల్లు చేతులు జోడించి చెప్పాడు.

"ఏమంటున్నవ్ బిడ్డా?" అంది.

మళ్లీ చెప్పాడు, ఇంకొంచెం గట్టిగా. ఆమె నోరు తెరిచి, అతని పెదవుల వంక చూస్తూ, "ఏంది?" అంది. మూడోసారి చెప్పబోతే ఏడుపే వచ్చింది.

వెనక నుంచి రాములు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వనజ ఇంకా ఆ చివరన గడపలోనే ఉంది.

"చాలు అన్నా, రా," అన్నాడు. "ఆమెకు చెముడు. గీ గల్లీల నన్ను దొంగ అననిది ఆమె ఒక్కతే."